నాన్నగారి హీరో పోయారు, ఇంట్లో వాళ్లు ఏం చెయ్యాలి?

ప్రశ్న ఇది: "మా నాన్నకి 63 ఏళ్లు. కృష్ణ గారి వీరాభిమాని. 2022లో కృష్ణ గారు పోయినప్పుడు రెండు రోజులు అన్నం ముట్టలేదు. 2025 జూలైలో కోట శ్రీనివాసరావు గారు పోయిన రోజూ అంతే. 'ఆయన నీకేమవుతాడని ఈ ఏడుపు' అని అమ్మ కోప్పడుతోంది. ఇది మామూలేనా? మేం హైదరాబాద్‌లోనే ఉంటాం. ఇలాంటప్పుడు తీసుకెళ్లి కడసారి చూపించాలా, వద్దా?"

మామూలే. తీసుకెళ్లండి. ఎలా తీసుకెళ్లాలో కింద చెబుతాను, ముందు అమ్మగారి ప్రశ్న సంగతి చూద్దాం.

సొంత మనిషి పోతే ఇంట్లో ఊపిరాడనంత పని ఉంటుంది. కబురు పంపాలి, వచ్చినవాళ్లకి కాఫీ పెట్టాలి, చిన్నకర్మ, పెద్దకర్మ, నెల తిరిగితే మాసికం, ఏడాదికి సంవత్సరీకం. ఏ రోజుకి ఏం చెయ్యాలో పెద్దవాళ్లు ఎప్పుడో రాసిపెట్టారు. ఏడుస్తూనే చేతులు ఆడుతుంటాయి. అభిమానికి ఇవేవీ లేవు. ఆఫీసులో సెలవు అడగలేడు, ఇంటికొచ్చి పలకరించేవాళ్లు ఉండరు, స్నానం చెయ్యాలో వద్దో కూడా తెలియదు. టీవీ ముందు కూర్చోవడం ఒక్కటే మిగులుతుంది. ఆ టీవీ అదే పూలదండ, అదే కాన్వాయ్, అదే కన్నీళ్లు రోజంతా తిప్పి తిప్పి చూపిస్తుంది. అన్నం దిగకపోవడానికి సగం కారణం అదే. కాబట్టి నా జవాబు ఒక్కటే: మీ నాన్నగారి చేతికి పని ఇవ్వండి.

ఇంకో సంగతి అమ్మగారికి చెప్పండి. అల్లూరి సీతారామరాజు విడుదలైన 1974లో మీ నాన్నగారికి పన్నెండేళ్లు ఉంటాయి. ఆ వయసులో చూసిన ముఖాలు ఎవరివో, ఎప్పుడెప్పుడు పోయారో లెక్క వెయ్యండి. 2022 సెప్టెంబర్ 11న కృష్ణంరాజు గారు. నవంబర్ 15న కృష్ణ గారు. డిసెంబర్ 23న కైకాల సత్యనారాయణ గారు, రెండు రోజులు తిరక్కుండా చలపతిరావు గారు. 2023 జనవరి 27న జమున గారు, ఫిబ్రవరి 2న కె. విశ్వనాథ్ గారు. ఐదు నెలలు నిండలేదు. హీరో, హీరోయిన్, విలన్, డైరెక్టర్ అందరూ వెళ్లిపోయారు. అరవై దాటిన మనిషికి తన ఊరి టూరింగ్ టాకీసు మొత్తం ఖాళీ అయినట్టు ఉంటుంది. కోట గారి దగ్గర మళ్లీ అన్నం మానేశారంటే అది ఒక్క కోట గారి కోసమే అనుకోకండి.

ఇక పనిలోకి వద్దాం.

మొట్టమొదట, వార్త నిజమేనా చూసుకోండి. 2023 ఉగాది ముందు రోజు కోట గారు పోయారని పుకారు లేచింది. పండగ పనుల్లో ఉన్న మనిషికి ఒకటే ఫోన్లు. జనం వస్తారేమోనని బందోబస్తుకి పోలీసులు కూడా ఇంటికి వచ్చేశారు. చివరికి ఆయనే వీడియో చేసి, నేను బతికే ఉన్నాను నాయనా అని చెప్పుకోవాల్సి వచ్చింది. ఎనభై ఏళ్ల మనిషి చేత ఆ మాట చెప్పించడం ఎంత పాపం! తలచుకుంటే ఇప్పటికీ కోపం ఆగదు. నలుపు తెలుపు ఫొటో, ఎర్ర బాణం గుర్తు, "ఇక లేరు" అన్న అక్షరాలు, పక్కన చిన్నగా ప్రశ్నార్థకం. ఆ థంబ్‌నెయిల్ చేసినవాడికి నాలుగు రూపాయలు, ఆ ఇంట్లో ఆడవాళ్లకి గుండెదడ. నిజమైన వార్తకి ఒక తీరు ఉంటుంది. కుటుంబం నుంచో, వాళ్ల పీఆర్వో నుంచో ప్రకటన వస్తుంది. ఆ వెనకే ముఖ్యమంత్రుల సంతాపం, ఫిల్మ్ ఛాంబర్ నుంచి, నటుల సంఘం 'మా' (మూవీ ఆర్టిస్ట్స్ అసోసియేషన్) నుంచి మాట వస్తాయి. పెద్ద నటుల విషయంలో ఇదంతా గంట, గంటన్నరలో తేలిపోతుంది. అప్పటిదాకా వాట్సాప్‌లో ఎవరికీ పంపకండి, నాన్నగారికీ చెప్పకండి.

రెండోది గంటల లెక్క. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. సూర్యాస్తమయం తర్వాత దహనం చెయ్యరు కాబట్టి, తెల్లవారుజామున ప్రాణం పోయి, రావాల్సిన వాళ్లు ఊళ్లోనే ఉంటే అదే రోజు అయిపోవచ్చు. కోట గారు 2025 జూలై 13 ఆదివారం తెల్లవారుజామున ఫిల్మ్‌నగర్ ఇంట్లో పోయారు. అదే రోజు జూబ్లీహిల్స్‌లోని మహాప్రస్థానం శ్మశానవాటికలో అంత్యక్రియలు అయిపోయాయి. ఆయన పుట్టిన కంకిపాడు నుంచి, విజయవాడ నుంచి రావాలంటే 275 కిలోమీటర్ల పైమాటే, బస్సులో ఐదారు గంటలు. టిఫిన్ చేసి బయల్దేరదాం అనుకున్నవాళ్లకి చూపు దక్కదు. సిరివెన్నెల గారు 2021 నవంబర్ 30 సాయంత్రం పోయారు, కాబట్టి మర్నాడు. అక్కినేని గారు 2014 జనవరి 22 తెల్లవారుజామున పోతే మర్నాడు అన్నపూర్ణ స్టూడియోలోనే దహనం జరిగింది. అంటే మీ చేతిలో ఉండేది పది గంటల నుంచి ముప్ఫై ఆరు గంటలు. తేల్చుకోవడానికి గంటకి మించి తీసుకోకండి.

మూడోది ఎక్కడికి వెళ్లాలన్నది. దీనికి కృష్ణ గారి రెండు రోజులే మంచి పాఠం, కాస్త వివరంగా చెబుతాను. నవంబర్ 14 వేకువన గుండె ఆగిన స్థితిలో ఆయన్ని ఆస్పత్రిలో చేర్చారు. 15 తెల్లవారుజామున నాలుగు దాటాక పోయారు. అక్కడి నుంచి నానక్‌రామ్‌గూడ ఇంటికి తెచ్చారు. ఇల్లు ఎంత పెద్దదైనా ఇల్లే. బంధువులు, సినిమావాళ్లు, మంత్రులు, వాళ్ల వెంట వచ్చే కార్లు. అభిమాని గేటు బయటే. ముందు గచ్చిబౌలి స్టేడియంలో ఉంచుతామన్నారు, తర్వాత ఆ ఆలోచన మానుకున్నారు. మొదటి వార్త విని స్టేడియం దారి పట్టినవాళ్లకి తిరుగుడే మిగిలింది. 16 ఉదయం పద్మాలయా స్టూడియోకి తెచ్చారు. మామూలు అభిమానికి చూపు దక్కే చోటు అదే. ఆవరణ పెద్దది, లైన్ కట్టే వీలుంది. మధ్యాహ్నం అక్కడి నుంచే ఊరేగింపు బయల్దేరింది. మహాప్రస్థానంలో ప్రభుత్వ లాంఛనాలతో దహనం.

కాబట్టి వరస గుర్తుపెట్టుకోండి. ఇంటి దగ్గర చూపు దక్కదు. శ్మశానం దగ్గర అసలే దక్కదు. జూబ్లీహిల్స్ మహాప్రస్థానం లోపల చోటు తక్కువ, కుటుంబాన్నీ సినిమావాళ్లనీ తప్ప గేటు దాటనివ్వరు. ఈ రెంటికీ మధ్య స్టూడియోలోనో, ఫిల్మ్ ఛాంబర్‌లోనో, స్టేడియంలోనో "అభిమానుల సందర్శనార్థం" అని ఉంచే ఆ కొన్ని గంటలే మీవి. 1996 జనవరిలో ఎన్టీఆర్ గారిని జనం చూసుకున్నది లాల్ బహదూర్ స్టేడియంలో. సందర్శన ఎక్కడ, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా అని కుటుంబం చెప్పేదాకా బండి తియ్యకండి. చెప్పిన మరుక్షణం బయల్దేరండి. మొదటి రెండు గంటల్లో లైన్ కదులుతుంది. పెద్దవాళ్లు రావడం మొదలయ్యాక వాళ్లు వచ్చిన ప్రతిసారీ లైన్ ఆపేస్తారు, ఊరేగింపు టైము దగ్గరపడితే మధ్యలోనే తెంచేస్తారు.

సొంత బండి వద్దు. ఫిల్మ్‌నగర్, అన్నపూర్ణ వైపు అయితే జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ మెట్రో దగ్గర దిగండి, గచ్చిబౌలి వైపు అయితే రాయదుర్గం. అక్కడి నుంచి ఆటో పోయినంత దూరం పోయి మిగతాది నడవాలి. మీ నాన్నగారికి 63 కాబట్టి పొద్దున బీపీ, షుగర్ మాత్ర వేసి, కడుపులో రెండు ఇడ్లీలైనా పడ్డాకే బయల్దేరండి. జేబులో నీళ్ల సీసా, నాలుగు బిస్కెట్లు, ఇంటి నంబర్ రాసిన చీటీ ఉండాలి. అంత జనంలో ఫోన్ సిగ్నల్ ఉంటుందని నమ్మకండి. తప్పిపోతే ఎక్కడ కలవాలో ముందే అనుకోండి. గుర్తుకి మెట్రో స్టేషన్ మెట్లు చాలు. స్లిప్పర్లు వద్దు, తోపులాటలో మొదట పోయేవి అవే. పట్టీ ఉన్న చెప్పులో, బూట్లో వేసుకోండి.

పూల గురించి. గుడిమల్కాపూర్ మార్కెట్‌లో తెల్లవారకుండానే పూలు దొరుకుతాయి. కానీ ఆరడుగుల గజమాల కట్టించుకుపోకండి, బారికేడ్ దగ్గరే పక్కన పెట్టిస్తారు. పైగా లోపల ఉండేది ఫ్రీజర్ బాక్స్. దాని మీది గాజు మూత చల్లదనానికి చెమర్చి మసకబారుతుంటుంది, పక్కనున్నవాళ్లు గుడ్డతో తుడుస్తూనే ఉంటారు. దాని మీద దండలు పేరిస్తే వెనకవాళ్లకి ముఖం కనపడదు. వేసిన దండని అర నిమిషంలో తీసి పక్కన పడెయ్యడం అందుకే. గుప్పెడు గులాబీ రేకులు కాగితం పొట్లంలో పట్టుకెళ్లండి. కాళ్ల వైపు చల్లితే చాలు. మీకు దొరికేది రెండు మూడు సెకన్లు. ఆ రెండు సెకన్లూ ఫోన్ ఎత్తితే నాన్నగారు ఫోన్ తెరనే చూస్తారు, మనిషిని చూడరు. ఫోన్ మీరు తీసుకుని మీ జేబులో పెట్టుకోండి.

అక్కడ జరిగే ఒక పని గురించి చెప్పకుండా ఉండలేను. తండ్రిని పోగొట్టుకుని నిలబడ్డ హీరో ముందు ఈలలు, జై కొట్టడాలు, భుజం మీద చెయ్యేసి సెల్ఫీ! 2022లో మహేష్ బాబు గారు జనవరిలో అన్నని, సెప్టెంబర్‌లో తల్లిని, నవంబర్‌లో తండ్రిని పోగొట్టుకున్నారు. ఒకే ఏడాదిలో మూడు. అలాంటి మనిషి ముందు ఫోన్ ఎత్తేవాళ్లని అభిమానులు అనడానికి నాకు నోరు రాదు. దణ్ణం పెట్టి తల వంచుకుని కదలండి. మీరు కదిలితేనే వెనక ఉన్న ముసలాయనకి చూపు దక్కుతుంది.

వెళ్లలేకపోతే? 2020 సెప్టెంబర్ 25న బాలు గారు చెన్నైలో పోయినప్పుడు కరోనా రోజులు, మర్నాడే తామరైపాక్కంలో ఖననం. ఇక్కడి నుంచి కదిలే దారే లేదు. 2008లో శోభన్‌బాబు గారు, అంతకుముందు 1981లో సావిత్రి గారు, అందరూ మద్రాసులోనే పోయారు. మన పెద్దలు మర్నాటి పేపర్‌లో చూసుకుని ఏడ్చారు. అలాంటప్పుడు టీవీ కట్టేసి, ఇంట్లోవాళ్లంతా కూర్చుని ఒక్క సినిమా మొదటి నుంచి చివరిదాకా చూడండి. ముక్కలు ముక్కలుగా యూట్యూబ్ క్లిప్పులు వద్దు, అవి మనసుని ఇంకా చెదరగొడతాయి. చివరి రోజుల్లోది కాకుండా మంచి వయసులో ఉన్నప్పటిది నాన్నగారినే ఎంచమనండి. ఆ సినిమా ఏ ఊళ్లో, ఏ హాల్లో, ఎవరితో చూశారో ఆయన చెబుతుంటే ఆపకండి. ఒక్క అక్కినేని గారి సంగతి వేరు. 2013 అక్టోబర్‌లో తనకి క్యాన్సర్ అని విలేకరులను పిలిచి ఆయనే చెప్పారు, చెప్పి కూడా నటించారు. 'మనం' సినిమా ఆయన పోయిన నాలుగు నెలలకి, 2014 మే 23న వచ్చింది. హాల్లో పదిమంది మధ్య ఏడ్చి తేలికపడే అవకాశం ఆయన అభిమానులకి అలా దొరికింది.

ఫ్లెక్సీ వేయిస్తానని నాన్నగారు అంటారు, తప్పకుండా అంటారు. జీహెచ్ఎంసీ అనుమతి లేకుండా రోడ్డు మీద కడితే జరిమానా పడుతుంది. మీ అపార్ట్‌మెంట్ గేటు లోపలో, తెలిసినవాళ్ల షాపు ముందో కట్టుకోండి. 4 బై 6 అడుగులు చాలు. ఫొటోని వాట్సాప్‌లో మామూలుగా పంపితే నలిగి చిన్నదైపోతుంది, పెద్దగా వేస్తే ముఖం గళ్లు గళ్లుగా వస్తుంది. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి. అసలు చిక్కు అక్షరాల దగ్గర. మన డీటీపీ షాపుల్లో చాలావరకు 'అను' అనే పాత పద్ధతి తెలుగు ఫాంట్లతో చేస్తారు. మీరు ఫోన్‌లో కొట్టింది యూనికోడ్, అంటే వేరే పద్ధతి. దాన్ని కాపీ చేసి పాత ఫొటోషాప్‌లో అతికిస్తే ఒత్తులు విడిపోతాయి. 'కృష్ణ'లో ణ ఒత్తు కిందకి దిగకుండా పక్కన నిలబడుతుంది. ఆ కుర్రాడిని అనులోనే మళ్లీ టైప్ చెయ్యమనండి, పక్కన కూర్చుని అక్షరం అక్షరం చూడండి. "శ్రద్ధాంజలి"లో ద కింద ధ ఒత్తు రావాలి, నగరంలో సగం ఫ్లెక్సీల మీద అది తప్పే. పుట్టిన తేదీ, పోయిన తేదీ అంకెల్లో సరిచూసుకోండి. కింద మీ కాలనీ నాయకుల పదిహేను ముఖాలు పెట్టించకండి, పోయింది వాళ్లు కాదు. పదకొండో రోజు దాటగానే విప్పేయండి. ఎండకి వెలిసి, గాలికి చిరిగి వేలాడే ముఖాన్ని చూస్తే నాన్నగారికి మళ్లీ మొదటికొస్తుంది.

ఏడాది పొడవునా చెయ్యాల్సిన పని ఇంకొకటి ఉంది, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. మన అభిమాన సంఘాలు జయంతికి, వర్ధంతికి రక్తదాన శిబిరాలు పెడతాయి. గొప్ప అలవాటు, తెలుగువాళ్లకి సినిమా చేసిన పెద్ద మేళ్లలో ఒకటి. కానీ ఒకే రోజు రెండొందల మంది ఇస్తే అంతా వాడుకలోకి రాదు. ఎర్రకణాలు 35 నుంచి 42 రోజులు నిలవ ఉంటాయి, ప్లేట్‌లెట్లు ఐదే రోజులు. ఆ తర్వాత పారబోయాల్సిందే. ఆపైన రెండు నెలలు ఎవరూ రారు. తలసీమియా అనే రక్తజబ్బు ఉన్న పిల్లలకేమో రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, వాళ్లకి జయంతి ఎప్పుడో తెలియదు. మీ సంఘంలో నలభై మంది ఉంటే నెలకి ఇంతమంది అని వంతులు వేసుకోండి. మగవాళ్లు 90 రోజులకోసారి, ఆడవాళ్లు 120 రోజులకోసారి ఇవ్వొచ్చు. బరువు 45 కిలోలు, హిమోగ్లోబిన్ 12.5 తగ్గకూడదు. తీసేది 350 మిల్లీలీటర్లు, బరువు 55 దాటితే 450 దాకా. ఇక్కడ మన హీరోల తేదీలు బాగా కలిసొచ్చాయి. ఎన్టీఆర్ గారి జయంతి మే 28, కృష్ణ గారిది మే 31. కాలేజీలకి సెలవులు, ఎండలు, బ్లడ్ బ్యాంకులు ఎండిపోయే రోజులవి. శక్తి ఉన్న సంఘం తన బలమంతా అక్కడ పెట్టాలి.

మీ నాన్నగారు ఇంతకుముందు ఎప్పుడూ రక్తం ఇచ్చి ఉండకపోతే ఇప్పుడు తీసుకోరు, తొలిసారి ఇచ్చేవాళ్లకి 60 ఏళ్లే హద్దు. అలవాటున్నవాళ్లయితే 65 దాకా ఇవ్వొచ్చు. ఆయన బదులు మీరు ఇవ్వండి, ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకోండి. ఆయన చెయ్యగలిగింది నేత్రదానం, దానికి వయసు అడ్డు రాదు. కన్నడ హీరో పునీత్ రాజ్‌కుమార్ గారు 2021 అక్టోబర్ 29న, 46 ఏళ్లకే పోతే ఆయన రెండు కళ్ల పొరలని విడదీసి నలుగురికి చూపు ఇచ్చారు. అంతకుముందు వాళ్ల నాన్నగారు రాజ్‌కుమార్ గారూ కళ్లు ఇచ్చి వెళ్లారు. మన దగ్గర బంజారాహిల్స్‌లో ఉన్న కంటి ఆస్పత్రి పేరే దర్శకులు ఎల్వీ ప్రసాద్ గారిది. ఆయన కుటుంబం ఇచ్చిన స్థలం, విరాళంతో 1987లో మొదలైంది. అక్కడి ఐ బ్యాంక్‌లో నమోదు చేసుకుంటే కార్డు ఇస్తారు.

కార్డు ఒక్కటే ఉంటే సరిపోదు. ఆ సమయానికి ఇంట్లోవాళ్లు ఒప్పుకుని ఫోన్ చెయ్యాలి. చాలా ఇళ్లలో తప్పిపోయేది అక్కడే. కార్డు బీరువాలో ఉంటుంది, ఎవరికీ గుర్తు రాదు. ప్రాణం పోయిన ఆరు గంటల్లోపు కళ్లు తియ్యాలి. ఐ బ్యాంక్ వాళ్లు వచ్చేలోపు ఫ్యాన్ ఆపాలి, రెప్పలు మూసి తడి దూది పెట్టాలి, తల కింద దిండు పెట్టి కాస్త ఎత్తులో ఉంచాలి. వాళ్లే ఇంటికి వస్తారు, అర గంట లోపు పని, ముఖం చెడదు. షుగర్, బీపీ, కళ్లద్దాలు, శుక్లం ఆపరేషన్ ఇవేవీ అడ్డు కావు. హెచ్‌ఐవీ, హెపటైటిస్, రేబిస్, రక్త క్యాన్సర్ లాంటివి ఉంటేనే తీసుకోరు.

ఒక జాగ్రత్త. రెండు రోజులు అన్నం మానెయ్యడం దుఃఖమే, భయపడక్కర్లేదు. మజ్జిగన్నమో, పాలో బతిమాలి పట్టించండి. పది రోజులైనా నిద్ర లేకపోతే, "ఇంక నేనెందుకు" లాంటి మాట ఒక్కసారి అన్నా ఆలస్యం చెయ్యకండి. 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, ఏ వేళైనా పలుకుతారు. డబ్బు కట్టేది లేదు.

వచ్చే మే 31కి బ్లడ్ బ్యాంక్‌కి, ఐ బ్యాంక్‌కి వెళ్లేటప్పుడు అమ్మగారిని కూడా తీసుకెళ్లండి. నేత్రదానం ఫారం మీద ఇంట్లోవాళ్ల సంతకం కావాలి, ఆ సంతకం ఆవిడ చేతే పెట్టించండి. "ఏమవుతాడు" అన్న ప్రశ్నకి నాన్నగారు ఏం జవాబు చెబుతారో ఆ రోజు ఆయన్నే చెప్పనివ్వండి. పొద్దున పదిలోపు వెళ్లండి, ఎండ ముదరదు. మీరు మాత్రం ఖాళీ కడుపుతో వెళ్లకండి, కళ్లు తిరుగుతాయి.